తొమ్మిదో గేటు

మీకు తెలుసు. తెలియదని మాత్రం అనకండి. కీలు వంగిన తొమ్మిదో గేటు మిగతావాటికంటే ఆలస్యంగా పడుతుందని రేసు కమిటీ గుడారంలో కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ తెలుసు. లీవరు లాగేవాడికి తెలుసు. మైకులో గొంతు చించుకునేవాడికి తెలుసు. రైడర్లకి తెలుసు, వాళ్ళ మెకానిక్కులకి తెలుసు. అందరూ కలిసి ఒక మనిషి చేతిని మట్టిలో తొక్కించారు. తొక్కించి, తప్పు వాడిదేనని మైకులో చెప్పారు.

మోటోక్రాస్ ఎప్పుడూ చూడనివాళ్ళకి ముందు గేటు సంగతి చెప్పాలి. గుట్టలూ గోతులూ దూకుతూ పోయే మట్టి ట్రాకు. బళ్ళన్నీ ఒకే వరసలో నిలబడతాయి. ఒక్కో బండి ముందు మోకాలెత్తు ఇనుప గేటు. లీవరు లాగితే గేట్లన్నీ ఒక్కసారిగా రైడర్ల వైపు వెనక్కి వాలి నేలకి అతుక్కోవాలి. వాటి మీదుగా బళ్ళు దూకుతాయి. అక్కణ్ణించి మొదటి మలుపు దాకా తిన్నటి దారి. ఆ మలుపులోకి ఎవడు ముందు దూరితే వాడికి దుమ్ము లేదు, అడ్డు లేదు. వెనకబడ్డవాడు ముందువాడి టైరు చిమ్మే మట్టి తింటూ రేసంతా ఏడవాలి. సగం రేసు ఆ స్టార్టులోనే తేలిపోతుంది.

గేటు పడకముందే రైడరు తొందరపడి కదిలితే చక్రం గేటుకి గుద్దుకుంటుంది. గేటు వాలలేదు, బండి కదల్లేదు, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి ముందుకు పడతాడు. గేటే ఆలస్యంగా పడినా జరిగేది అదే. తేడా ఎవరిది తప్పు అన్నదాంట్లో మాత్రమే ఉంది. ఆ తేడానే కమిటీవాళ్ళు మింగేశారు.

ఇప్పుడు మిడత గురించి. సన్నగా, పొడుగు కాళ్ళతో, కూర్చున్నా ఎగరబోతున్నట్టే ఉంటాడు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. పగలు పార్సిళ్ళు చేరవేసే పని. అన్న మోటారు సైకిళ్ళ మెకానిక్కు. వదిన స్కూలు బస్సు నడుపుతుంది. ముగ్గురూ ఉండేది అన్న షెడ్డు వెనక రెండు గదుల్లో. వంటగది కిటికీలో క్లచ్ ప్లేట్లు ఆరుతుంటాయి. బట్టల తీగ మీద వదిన చీర పక్కన మోకాలి కవచాలు వేలాడుతుంటాయి. హెల్మెట్‌కి చోటు లేక బియ్యం డబ్బా మీద పెడతారు. బియ్యం కావలసినప్పుడల్లా వదిన దాన్ని దింపి, "నీ తలకాయ తీసి పక్కన పెట్టానోయ్!" అని అరుస్తుంది.

షెడ్డు వెనక సందులో అన్న పాత కిటికీ ఊచలతో గేటు చేసి పెట్టాడు. దానికో తాడు. పొద్దున్నే మిడత బండి మీద కూర్చుంటాడు, అన్న తాడు పట్టుకుని తిడతాడు.

"ముందుకి జరుగు. ఇంకా. ట్యాంకు మీద కూర్చున్నట్టుండాలి. వెనక్కి కూర్చుంటే ముందు చక్రం లేచి ఆకాశం చూస్తుంది. గడ్డం హ్యాండిలు మీదకి రావాలి. మోచేతులు పైకి. రెక్కలు విరిగిన కోడిలా ఏంటా వేలాడదీయడం?"

"రెండు కాళ్ళూ నేల మీదేనా?"

"రెండూ. ఒక కాలు పైన పెడితే బండి పక్కకి తూలుద్ది. రెండో గేరు. యాక్సిలరేటరు ఒకే దగ్గర పట్టు, రుయ్ రుయ్‌మని ఆడించకు. అది పెళ్ళివాళ్ళ కారు కాదు. క్లచ్ రెండు వేళ్ళతో. వదిలేటప్పుడు ఠక్కున వదలొద్దు. నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు తియ్యి."

"నువ్వెప్పుడు తీశావు అలా?"

"మీ వదిన చేతిలోంచి జీతం అలాగే తీసుకుంటా."

"వినపడుతోంది!" అని లోపలినుంచి కేక.

కళ్ళు ఎక్కడ పెట్టాలో కూడా నేర్పాడు అన్న. జనం వైపు కాదు, లీవరు మనిషి వైపు కాదు. అతను కావాలని భుజం ఎగరేసి మోసం చేస్తాడు. గేటు అడుగున, కీలు దగ్గర చూడాలి. అది కదిలిన క్షణమే వేళ్ళు కదలాలి. కానీ బురద కప్పేసి ఎవడి గేటు కీలు వాడికి కనపడదు, బండి ముందు భాగం కూడా అడ్డమొస్తుంది. అందుకని ఆ మైదానంలో రైడర్లందరికీ ఒక అలవాటు. పక్క గేటు కీలు చూసి కదులుతారు. అన్ని గేట్లూ ఒకేసారి పడితే అందులో తప్పేమీ లేదు.

ఇంకో చిట్కా కూడా అన్న నేర్పాడు. ఆ చిట్కా ఆ మైదానంలో ప్రతి మెకానిక్కూ తన రైడరుకి చెవిలో చెప్పేదే.

"వీలైతే పదో గేటు తీసుకో. తొమ్మిదోవాడు ఎలాగూ తడబడతాడు. వాడి ముందు దారంతా ఖాళీ. బండి కొంచెం ఎడమకి వాల్చి అందులో దూరిపో. మలుపు లోపలి దారి నీదే."

"పాపం, తొమ్మిదోవాడి సంగతో?"

"వాడికీ ఓ అన్న ఉంటాడులే, వాడు చూసుకుంటాడు."

వదిన బస్సు తాళాలు తీసుకుని వెళ్ళబోతూ ఆగింది. "ఇది చిట్కానా? పక్కవాడి కాళ్ళ కింద గొయ్యి ఉందని తెలిసి, దాని పక్కనే దుకాణం పెట్టుకోవడం. గేటు బాగుచెయ్యమని అడగరేం?"

"అడిగితే బాగవుద్ది. బాగైతే అందరికీ ఒకటే స్టార్టు. ఇక మనకేంటి లాభం?" అన్నాడు అన్న.

చూశారా. ఇనుము వంగితే సుత్తితో సరిచేయొచ్చు. వంగిన ఇనుములో లాభం చూసుకునేవాళ్ళని దేనితో సరిచేస్తారు? కమిటీ గేటు బాగుచేయించలేదు. కమిటీ మీద అరవాల్సినవాళ్ళు గేటు పక్కన చోటు కోసం కొట్టుకున్నారు. ఆ గేటు అన్ని సీజన్లు అలాగే నిలిచిందంటే కారణం అదే.

ఆ ఆదివారం రేసు మామూలు రేసు కాదు. రెండు పరుగులు. రెండూ కలిపి గెలిచినవాణ్ణి బళ్ళ కంపెనీ తన టీములోకి తీసుకుంటుంది. నెల జీతం, బండి వాళ్ళదే, టైర్లు వాళ్ళవే. మిడతకి ఇక పార్సిళ్ళు మోసే పని ఉండదు. వాడి బతుకంతా ఆ రోజు మీద వేలాడుతోంది.

మొదటి పరుగుకి మిడతకి పదో గేటు దొరికింది. తొమ్మిదోది పొడుగోడికి పడింది. పొడుగోడు లారీల వెనక అక్షరాలు రాస్తాడు. స్కేలు లేకుండా, చెయ్యి ఆనించకుండా, కుంచె ఒక్క ఊపులో తిప్పి "అ" రాసేస్తాడు. మిడత బండి నెంబరు రాసింది కూడా అతనే.

"ఏరా మిడతా, శవం పక్కన రాబందులా వచ్చి నిలబడ్డావు?" అన్నాడు పొడుగోడు హెల్మెట్ బిగించుకుంటూ.

"నువ్వింకా శవం కాలేదుగా అన్నా."

"నీ నెంబరు రాసింది నేను. ఆ నెంబరుతో నన్నే దాటుతావా, సిగ్గులేనోడా! చూస్తుండు. ఇవాళ నా గేటు నేల తాకిందాకా వేలు కదపను."

ఇద్దరూ నవ్వుకున్నారు. మిడత వెనక చక్రం పడేచోట మట్టిని మడమతో తొక్కి గట్టి చేసుకున్నాడు, రాళ్ళు ఏరి పారేశాడు. ఎక్కి కూర్చున్నాడు. గడ్డం ముందుకి, మోచేతులు పైకి. ఇంజన్ల మోతకి పళ్ళు అదురుతున్నాయి.

కీలు కదిలింది. వేళ్ళు కదిలాయి.

పొడుగోడికి తెలుసు, పైకి అన్నాడు కూడా, ఆగుతానని. కానీ ఇటు పక్క బండి లేచి, అటు పక్క బండి లేచి, చెవుల్లో అంత మోత హోరెత్తుతుంటే శరీరం ఆగదు. ఏళ్ళ తరబడి వేళ్ళకి నేర్పిన పని అది. వేళ్ళు బుర్రని అడగవు. అతని చక్రం ఇంకా నిలబడే ఉన్న గేటుకి గుద్దుకుంది. కన్ను ఆర్పేంతసేపు ఆలస్యం, అంతే. పొడుగోడు హ్యాండిలు మీదుగా ఎగిరి, గేటు అవతల ఖాళీగా ఉన్న దారిలో బోర్లా పడ్డాడు.

ఆ ఖాళీలోకే మిడత బండి వాల్చాడు. నేర్చుకున్నట్టే. టైరు కింద ఏదో మెత్తగా తగిలి బండి చిన్నగా ఎగిరింది.

వాడు ఆగలేదు. మొదటి మలుపు వాడిదే. దుమ్ము లేని ట్రాకు, ముందెవరూ లేరు. చివరిదాకా ఎవరూ వాణ్ణి అందుకోలేకపోయారు.

గెలిచి వచ్చి చేతులు పైకెత్తేసరికి స్టార్టు దగ్గర స్ట్రెచరు లేస్తోంది. మైకులో వినపడింది: "తొమ్మిదో నెంబరు గేటులో రైడరు తొందరపాటు వల్ల ప్రమాదం. పరుగు ఫలితంలో మార్పు లేదు." అన్న వచ్చి వాణ్ణి కౌగిలించుకుని గాల్లోకి ఎత్తాడు. "మార్పు లేదంట్రా! విన్నావా? మార్పు లేదు!"

వదిన మాత్రం స్ట్రెచరు పక్కన నడిచి వెళ్ళి, అంబులెన్సు తలుపు పడేదాకా నిలబడి వచ్చింది. చేతికి రక్తం అంటింది. తుడుచుకోలేదు.

"వేళ్ళు కదపమంటే కదపలేకపోతున్నాడు. కుడిచెయ్యి," అంది.

అన్న ముఖం తిప్పుకున్నాడు. మిడత చేతి తొడుగులు లాగుతున్నాడు, రావట్లేదు.

"నీ టైరు కింద ఏం తగిలింది?"

"రాయి వదినా."

"రాయి అరుస్తుందా?"

వాడు తొడుగు కొనని పళ్ళతో పట్టి లాగాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకే? ఇంకో పరుగుంది. పిల్లాడి బుర్ర పాడుచెయ్యకు," అన్నాడు అన్న.

"వీడు పిల్లాడు కాదు. బుర్ర పాడవ్వాల్సిందే," అని ఆమె నేరుగా కమిటీ గుడారానికి వెళ్ళింది.

గుడారంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చల్లటి సీసాలు. కార్యదర్శి బూట్లకి మట్టి మరక కూడా లేదు.

"గేటు లేటుగా పడింది. నేను పక్కనుంచి చూశాను," అంది వదిన.

"అమ్మా, పొద్దున్నే పరీక్షించాం. పడుతోంది."

"పడుతుంది. ఎప్పుడు పడుతుందన్నదే గొడవ. పక్క గేట్లతో కలిపి వేసి చూశారా? ఒకసారి వెయ్యండి, అందరం చూద్దాం."

"సీజన్ అయ్యాక అన్నీ మారుస్తాం. ఇప్పుడు జనం ఎదురుచూస్తున్నారు." అని ఆమె చేతి మీద రక్తం చూసి కొంచెం వెనక్కి జరిగాడు. "మీకెందుకమ్మా ఇదంతా? గెలిచింది మీవాడేగా? గేటు తప్పని తేలితే ఆ పరుగు రద్దవుతుంది. మీవాడి మొదటి స్థానం గోవిందా. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

బెదిరింపు ఎంత మర్యాదగా ఉందో చూడండి. వాళ్ళు ఎవరి గొంతూ నొక్కరు. నీ నోట్లో నీకిష్టమైన ముక్క పెడతారు, నువ్వే నోరు మూసుకుంటావు.

పొడుగోడి స్థానంలో నిలబడటానికి ఒక కొత్తమ్మాయిని పిలిచారు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాడుకోవడానికి ఉంచుకున్న అదనపు రైడరు. ఈ మైదానంలో ఆమెకి ఇదే మొదటిసారి. చెవులదాకా నవ్వుతూ, హెల్మెట్ చంకలో పెట్టుకుని మిడత దగ్గరకొచ్చింది.

"అన్నా, నీ స్టార్టు చూశాను. తూటాలా పోయావు. నాకో చిట్కా చెప్పవా? ఇక్కడ నాకెవరూ తెలీదు."

మిడత అన్న వైపు చూశాడు. అన్న గొలుసుకి నూనె వేస్తూ, తల ఎత్తకుండానే అడ్డంగా ఊపాడు.

"ముందుకి కూర్చో. గడ్డం హ్యాండిలు మీదకి రావాలి," అన్నాడు మిడత.

"ఊఁ."

"రెండు కాళ్ళూ కింద. రెండో గేరు. యాక్సిలరేటరు ఆడించకు. చక్రం పడేచోట మట్టి తొక్కుకో. క్లచ్... మెల్లగా. నిద్రపోయే పిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకున్నట్టు."

ఆమె పకపకా నవ్వింది. "మా తమ్ముడి చేతిలోంచైతే అలా తియ్యలేం అన్నా, లేచి కరుస్తాడు. మరి కళ్ళెక్కడ పెట్టాలి?"

మిడత ఒకసారి గేట్ల వరస వైపు చూశాడు.

"పక్క గేటు కీలు మీద," అన్నాడు. అందరూ చెప్పేదే.

"నేను ఆఖర్న ఎంచుకోవాలంట. ఏది మిగులుతుందంటావు?"

"తొమ్మిది."

"మధ్యలోనేగా! మంచిదే కదన్నా?"

వాడు బూటు పట్టీ బిగించుకోడానికి తల వంచాడు. ఆమె దాన్ని అవుననుకుంది. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

"చెప్పేస్తే బాగుండేదిరా," అంది వదిన వెనకనుంచి. కోపం లేదు ఆ గొంతులో. అదే వాడికి ఎక్కువ తగిలింది.

"చెప్తే ఏమవుద్ది వదినా? పొడుగన్నకి తెలీదా? నాతోనే అన్నాడు, గేటు పడిందాకా ఆగుతానని. ఆగలేకపోయాడు. ఈ పిల్ల ఆగుతుందా? ఆ గేటు ముందు నిలబడితే తెలిసినా అంతే, తెలియకపోయినా అంతే." వాడు తన బండి టైరు వైపు చూశాడు. "రాయి కాదు వదినా. నాకప్పుడే తెలుసు."

అన్న నూనె డబ్బా కింద కొట్టాడు. "తెలిస్తే ఏంటంట? నువ్వు కావాలని చేశావా? ఒరేయ్, ఇంకొక్క పరుగు. ఒక్కటి! టీములో పడ్డాక నీ జీతంతో వాడికి వైద్యం చేయిద్దువుగాని. ఇప్పుడు నోరు మూసుకుని పదో గేటు తీసుకో."

రెండో పరుగుకి గేట్లు ఎంచుకునే వరస మొదటి పరుగు ఫలితాన్ని బట్టి ఉంటుంది. మొదట గెలిచినవాడు మొదట ఎంచుకుంటాడు. మైకు మిడత నెంబరు పిలిచింది. వాడు బండి తోసుకుంటూ వరస వైపు నడిచాడు. వెనకున్నవాళ్ళలో గుసగుసలు. పది ఎలాగూ పోయింది, ఎనిమిది ఎవడిదని కళ్ళతోనే కొట్టుకుంటున్నారు.

మిడత పదో గేటు దాటాడు. తొమ్మిదో గేటు ముందు ఆగాడు.

"ఏంట్రా వీడు, లెక్కపెట్టడం మర్చిపోయాడా?" అన్నాడొకడు. నవ్వులు.

వాడు బండి స్టాండు వెయ్యలేదు. ఇంజను ఆపాడు. బండిని పక్కకి వంచి, గేటు మీద అడ్డంగా పడుకోబెట్టాడు. దాని మీద కూర్చున్నాడు. గేటు మీద మనిషీ బండీ ఉండగా లీవరు లాగడానికి వీల్లేదు. లీవరు లాగకపోతే ఒక్క గేటు కూడా పడదు.

లీవరు మనిషి ముందు పరుగెత్తుకొచ్చాడు. తర్వాత కార్యదర్శి, మట్టి అంటకుండా ప్యాంటు పైకి పట్టుకుని.

"ఏయ్, లే! బండి తియ్యి!"

"ఈ గేటు లేటుగా పడుతుంది సార్."

"మైదానంలోంచి వెలేస్తా. జన్మలో రేసు చెయ్యలేవు."

"సరే సార్."

"నీ మొదటి స్థానం పోతుంది, తెలుస్తోందా? టీము పోతుంది!"

"పోనివ్వండి. అది నాది కాదు. పొడుగన్న చెయ్యి తొక్కి తెచ్చుకున్నాను." ఆ మాట గట్టిగానే అన్నాడు. వరసంతా విన్నది. "నేను తొక్కాను. గేటు అతన్ని నా టైరు కిందకి తోసింది. ఇక్కడున్న వాళ్ళందరికీ ఈ గేటు సంగతి తెలుసు. అడగండి. ఒరేయ్, చెప్పండిరా!"

 ఒకడు హెల్మెట్ అద్దం కిందకి దించుకున్నాడు. ఇంకొకడు "మా పరుగు చెడగొట్టకురా, దొంగ ఏడుపులు" అన్నాడు. కొత్తమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. మిడతనీ గేటునీ మార్చి మార్చి చూసింది.

"నాకెందుకు చెప్పలేదన్నా?" అంది.

 మిడత తల దించుకున్నాడు. బండి మీదనుంచి మాత్రం లేవలేదు.

ఇద్దరు మనుషులొచ్చి వాడి భుజాలు పట్టి లాగారు. వాడు హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని వేలాడాడు, మోచేతులు పైకి, గడ్డం ముందుకి. జనంలోంచి ఎవరో మట్టిగడ్డ విసిరారు. వదిన కంచె దూకి వచ్చి అటు పక్క కూర్చుంది. బస్సులో పిల్లల్ని సర్దుకోమన్నట్టు, "కొంచెం జరుగు" అంది. అన్న కంచె దగ్గరే నిలబడిపోయాడు. రెండు చేతులూ తల మీద. రాలేదు.

వాళ్ళిద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. పోలీసుల్ని పిలుస్తామంటున్నారు, పిలవండి. పిలిచే ముందు కార్యదర్శి గారూ, ఆ ప్యాంటు వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుని తొమ్మిదో గేటు కీలు విప్పండి. జనం ముందు, రైడర్ల ముందు విప్పండి. వంగిన ముక్క పైకెత్తి చూపించండి. దాన్ని మార్చి, పక్క గేట్లతో కలిపి పడేసి చూపించే దాకా ఆ మైదానంలో ఒక్క ఇంజను మోగకూడదు. తొందరపాటు పొడుగోడిది కాదని అదే మైకులో, అంతే గొంతుతో చెప్పండి. హెల్మెట్ అద్దాలు దించుకున్న రైడర్లూ, మీరు కూడా. ఆ అద్దాలు ఎత్తండి. తెలుసునని చెప్పండి. ఇప్పుడే చెప్పండి.